నాటుకోడి ఉండగా ఈ పొట్టి బ్యాంటం కోళ్ళ మీద మోజు ఎందుకండీ?

కాశీనగర్ కిరాణా:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్, వంశధార పక్కన. ఇంటెనక దొడ్డి ఉంది, పెద్దదేం కాదు, ఒక జామచెట్టు, నుయ్యి, బట్టలారేసే తీగ అంతే. మా అమ్మ ఎప్పట్నించో నాటుకోళ్ళు పెంచుతాది, పెంపకం అంటే మళ్ళీ పెద్ద ఏటో అనుకోకండి, రాత్రి గంప కింద మూసీడం, పొద్దున్న వదిలీడం, గుప్పెడు నూకలు చల్లడం, మిగతాది వాటి తిప్పలు అవే పడతాయి.

ఇప్పుడు మా బావమరిది బరంపురంలో తెలిసినోళ్ళ ఇంట్లో బ్యాంటం కోళ్ళు చూసొచ్చీసి ఒక పుంజు రెండు పెట్టలు ఇప్పిస్తానని వెంటపడతన్నాడు. కాళ్ళకి కూడా ఈకలుంటాయట, పావురం కంటే కొంచెం పెద్దవట, మనిషి చేతిలో కూచుంటాయట. మా పాప అప్పుడే పేర్లు కూడా పెట్టీసింది. మా అమ్మ మాత్రం రేటు విని "ఆ డబ్బుకి మేకపిల్లొస్తాది, తిననూ పనికిరాదు గుడ్డూ చాలదు, ఎందుకురా అది" అంటంది. నాకు ఫోటోలు చూస్తే ముచ్చటేసిన మాట నిజమే గాని అమ్మ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

పెంచుతున్నోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, అసలు వీటిలో ఏటి చూసి పెంచుతారు? నాటుకోళ్ళతో కలిపి వదలొచ్చా? మా వైపు వానలు తెలుసు కదా, జూన్ నుంచి దసరా దాకా దొడ్డంతా బురదే, తట్టుకుంటాయా? డబ్బులొస్తాయా అని అడగట్లేదు, పోయిన డబ్బుకి ఏదో ఒకటి దక్కుతాదా అని.

నాగావళి గట్టు:

అన్నా, మాది రాయగడ. ముందే చెప్తున్నా, మీ అమ్మగారి లెక్క లెక్కే, దాన్ని కొట్టీడానికి లేదు. మాంసం చూస్తే బ్యాంటం శుద్ధ దండగ, పుంజు అరకిలో నుంచి ముప్పావు కిలో, ఈకలు పీకీసాక పులుసులో ముక్కలు వెతుక్కోవాలి. గుడ్డు 30 నుంచి 40 గ్రాములు, షాపులో కొనే గుడ్డు 55 దాకా ఉంటాది, అంటే ఒక ఆమ్లెట్‌కి రెండు కొట్టాలి. పచ్చసొన వాటా మాత్రం కొంచెం ఎక్కువే, మా అత్తగారు ఆ ఒక్క విషయంలో ఒప్పుకుంటారు.

నేను పెంచుతున్నవి బొచ్చులాంటి ఈకలుండే సిల్కీలు, కాళ్ళకి ఈకలుండే కొచ్చిన్ బ్యాంటాలు. అద్దిల్లు, డాబా మీద ఒక మూల ఓనరు గారు దయతలిచి ఇచ్చారు. ఆ మూలలో మామూలు నాటుకోళ్ళు నాలుగు పెడితే ఒకదాన్నొకటి పొడుచుకు చస్తాయి, ఇవి డజను దాకా సర్దుకుంటాయి. ఒక్కోదానికి రాత్రి గూట్లో అడుగు చదరం ఉంటే చాలు, పగలు తిరగడానికి వేరే చోటు ఉండాలనుకోండి. ఫారం లేయర్ కోడి రోజుకి 110 గ్రాముల దాణా తింటాది, వీటికి అందులో సగం కూడా అక్కర్లేదు. టౌన్లో ఉన్నోళ్ళకి అసలు కోళ్ళు అనేవి పెంచగలిగేదంటే ఇవే.

కానీ మీరడిగింది అది కాదు, ఏటి చూసి అని. నాకు అర్థమైంది చెప్తాను. మన ఇళ్ళల్లో కోడికి ముసలితనం అనేది ఉండదు, ఎప్పుడైనా గమనించారా? అల్లుడొచ్చినా, మజ్జిగౌరమ్మ మొక్కైనా, పిల్లాడు పాసైనా, ఎవరికో జ్వరం తగ్గి నోరు చప్పగా ఉందన్నా ముందు చెయ్యి గంప మీదకే వెళ్తాది. మా చిన్నప్పుడు కోడికి పేరు పెడితే మా నాన్నగారు తిట్టీవారు, పేరు పెట్టింది కొయ్యలేం అని. అంచేత పెంచినన్నాళ్ళూ పెంచుతాం గాని ఒక కోడితో నాలుగేళ్ళు పరిచయం అనేది మనలో ఎవరికీ లేదు. బ్యాంటం దగ్గర ఆ గొడవ లేదు. దాన్ని కోద్దామని చుట్టాలెవరికీ తోచదు, తోచినా నలుగురికి వడ్డించలేం. పనికిరాకపోవడమే దాని అదృష్టం. బాగా చూసుకుంటే ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు కూడా ఉంటాయి.

అన్నేళ్ళు ఉంటే అప్పుడు కోడి అంటే ఏటో తెలుస్తాది. పుంజు పురుగు దొరికితే తను తినదు, ముక్కుతో ఎత్తి కింద పడీసి టకటకమని పిలుస్తాది, పెట్టలొచ్చి తిన్నాక అటూ ఇటూ చూసి రెక్క దించి ఒక చుట్టు తిరుగుతాది, అదంతా డ్రామా. ఒక్కోసారి ఏమీ దొరక్కుండానే ఉత్తుత్తి పిలుపు పిలుస్తాది, దగ్గరకి రప్పించుకోడానికి. పెట్టలకి కూడా తెలిసిపోతాది, ఆ పుంజు మాట నమ్మడం మానీస్తాయి. గద్ద కనిపిస్తే ఒక అరుపు, పిల్లి వస్తే వేరే అరుపు, గద్ద అరుపు సన్నగా సాగదీసి ఉంటాది, అది విన్న వెంటనే అన్నీ ట్యాంకు కిందకి దూరి బిగుసుకుపోతాయి. ఇవి నాటుకోళ్ళకీ ఉంటాయి, కాదనను, కానీ అవి దొడ్లన్నీ తిరిగి ఎక్కడో మేస్తాయి కదా మనకి కనపడవు. ఇవి మూరెడు దూరంలో ఉంటాయి, కుర్చీ వేసుకుని టీ తాగుతూ చూడొచ్చు. ఎవరు ఎవర్ని పొడవొచ్చు అనే వరస కోళ్ళలో ఉంటాదని 1921 ప్రాంతంలో నార్వే ఆయనొకరు రాశారు, ఆయనకి అది చిన్నప్పట్నించి ఇంటి కోళ్ళని చూస్తూ చూస్తూ తట్టిందే. మా డాబా మీద ఆ వరసలో అందరికంటే చిన్న పెట్టే పైన ఉంది.

ఇంకోటి పొదుగు. సిల్కీ పెట్ట పొదుగుకి కూచుందంటే గోడ కూలినా లేవదు. కింద గుడ్లు లేకపోయినా కూచుంటాది, గుండ్రటి రాయి పెట్టినా కూచుంటాది. దాని గురించి తర్వాత రాస్తాను, స్కూలుకి టైమైపోయింది.

కొండదిగువ రైతు:

గుణుపురం అవతల మాది. మేడమ్ గారు బాగా రాశారు గాని నేను ఒప్పుకోను. ముచ్చటకి అయితే లవ్ బర్డ్స్ పెంచుకోండి, కోడి అని ఎందుకు అనడం.

మన నాటుకోడిలో అందం తక్కువా? డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, మైల, పింగళ, ఎన్ని రంగులు. సంతకెళ్ళి సవరలు కొండ మీంచి తెచ్చిన కోళ్ళు ఒకసారి కళ్ళతో చూడండి, ఎండకి ఆ మెడ ఈకలు మెరుస్తుంటే విదేశీ కోడి ఎందుకనిపిస్తాది. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లే పెట్టొచ్చు, కానీ తన తిండి తను తెచ్చుకుంటాది, పిల్లల్ని తనే సాకుతాది, కుక్కని కూడా తరుముతాది. గుడ్లు ఎక్కువ కావాలనుకుంటే వనరాజా ఉంది, హైదరాబాద్ రాజేంద్రనగర్ వాళ్ళు పల్లెటూరి పెరడు కోసమని తీసిన రకం, వంద గుడ్లు దాటి పెడతాది, చూడ్డానికి కూడా రంగురంగులుగా ఉంటాది.

బ్యాంటాన్ని ఇక్కడ వదిలితే ముంగిస ఒక్క రాత్రిలో లెక్క తేల్చీస్తాది. మరీ చిన్న రకాలైతే గద్ద ఎదిగిన కోడినే ఎత్తుకుపోగలదు, పిల్లల సంగతి సరే సరి. పందికొక్కులు, మానుపిల్లి, పాములు. టౌన్లో డాబా మీద పెంచేవాళ్ళకి ఇవన్నీ ఏం తెలుస్తాయి. కాశీనగర్ బాబుగారూ, మీ అమ్మ చెప్పినట్టు మేకపిల్ల తీసుకోండి.

బరంపురం రెక్కలు:

మేకపిల్ల అన్నతను మేక మీ బట్టలు తినీసినప్పుడు మళ్ళీ వచ్చి జవాబు చెప్పాలి 😀

నేను బరంపురంలో ఆరేడు రకాలు పెంచుతాను కాబట్టి రకాల సంగతి నేను రాస్తా, ఎందుకంటే "బ్యాంటం" అని అందరూ ఒకే గాటన కట్టీస్తున్నారు. ఇందులో రెండు రకాలు. పెద్దకోడిని తరాల తరబడి చిన్నవాటినే ఏరి ఏరి జతకట్టి తగ్గించినవి కొన్ని, ఇవి పెద్ద రకంలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటాయి. ఇంకొన్ని పుట్టుకతోనే చిన్నవి, వాటికి పెద్ద రకం అనేదే లేదు. సెబ్రైట్, జపనీస్ బ్యాంటం, సెరామా ఇవన్నీ ఆ లెక్కలోవి.

సెబ్రైట్ ఫోటో చూడండి ఒకసారి, ప్రతి ఈకకీ చుట్టూ పెన్నుతో గీసినంత సన్నటి నల్ల అంచు. ఇంగ్లాండులో సర్ జాన్ సాండర్స్ సెబ్రైట్ అని ఒక జమీందారు 1800ల మొదట్లో కేవలం ఆ అంచు కోసమే ఏళ్ళు పట్టి తీశాడు, గుడ్డు కోసం కాదు మాంసం కోసం కాదు. విచిత్రం ఏంటంటే సెబ్రైట్ పుంజుకి కొడవలి తోక ఉండదు, ఈకలన్నీ పెట్ట ఈకలే, దాని చర్మంలోనే మగ హార్మోన్ ఆడ హార్మోన్‌గా మారిపోతాదట. చూడ్డానికి బంగారం, పెంచడానికి తలనొప్పి, గుడ్లు సరిగ్గా కట్టవు, పెట్టలు పొదుగుకి కూచోవు. కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు.

సెరామా మలేషియాలో కెలాంతన్ రాష్ట్రంలో తీసింది, లోకంలో అన్నిటికంటే చిన్న కోడి, అరకిలో కూడా తూగదు. ఛాతీ ముందుకి తోసి తల వెనక్కి వంచి రెక్కలు నిటారుగా కిందకి దించి నిలబడతాది, అంత పొగరు ఆరడుగుల మనిషిలో కూడా చూడలేదు. అక్కడ వీటికి టేబుల్ మీద నడిపించి పోటీలు పెడతారు. మన రైతు గారి మాటా నిజమే, దీన్ని దొడ్లో వదలకూడదు, ఇంట్లోనో వల లోపలో పెంచాలి.

జపనీస్ బ్యాంటం కొనేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. దాని అందమంతా పొట్టి కాళ్ళు, నేల మీద పాకుతున్నట్టే ఉంటాది, తోక నిట్టనిలువు. ఆ పొట్టికాళ్ళ జన్యువు రెండు పక్కలనించీ వస్తే పిల్ల గుడ్డులోనే చచ్చిపోతాది. పొట్టికాళ్ళ పుంజుని పొట్టికాళ్ళ పెట్టకి వేస్తే నాలుగో వంతు గుడ్లు అలా పోతాయి, సగం పొట్టివి వస్తాయి, మిగతా నాలుగో వంతు పొడుగుకాళ్ళవి. ఆ పొడుగుకాళ్ళ పిల్లల్ని చాలామంది "కల్తీ" అని పారీస్తారు, చౌకగా అమ్మీస్తారు. అవే కావాలి మనకి. పొడుగుకాళ్ళ పెట్టకి పొట్టి పుంజుని వేస్తే గుడ్డులో చావు ఉండదు, సగానికి సగం పొట్టివే వస్తాయి. గుడ్లు పొదగలేదని పెట్టని తిట్టుకునే వాళ్ళలో చాలామందికి ఇది తెలీదు.

ఇక మీ బావమరిది చూసినవి, కాళ్ళకి ఈకలు, చేతిలో కూచుంటాయి అన్నారంటే కొచ్చిన్ బ్యాంటమే అయ్యుంటాది, ఇంగ్లాండు వాళ్ళు పెకిన్ అంటారు. దూదిబస్తాకి కాళ్ళొచ్చినట్టు ఉంటాది. నెమ్మదైన స్వభావం, ఎగరలేదు, పిల్లలున్న ఇంటికి దీన్ని మించింది లేదు. సిల్కీ అని చెప్పి ఏదైనా అంటగడితే వేళ్ళు లెక్కపెట్టండి, సిల్కీకి కాలికి ఐదు వేళ్ళుండాలి, మామూలు కోడికి నాలుగే. ఈకలు తప్పించి చర్మం చూడండి, నల్లగా ఉండాలి. మన దేశంలో మధ్యప్రదేశ్ ఝాబువా నల్లకోడి కడక్‌నాథ్‌కి నలుపు ఏ మార్పు వల్ల వచ్చిందో సిల్కీకీ అదే. మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో చైనా వైపు పిల్లి బొచ్చులాంటి బొచ్చున్న నల్ల కోళ్ళున్నాయని రాసింది వీటి గురించే అంటారు.

ఒక్క మాట, ఓల్డ్ ఇంగ్లీష్ గేమ్ బ్యాంటం అని ఉంటాది, మనవాళ్ళు చూస్తే కాకిడేగ అనీస్తారు, చాలా అందగత్తె రకం గాని పుంజులు రెండు కలిపితే రక్తాలే. దాన్ని అడిగి కొనేవాళ్ళలో కొంతమంది ఉద్దేశం వేరే ఉంటాది, అలాంటోళ్ళకి నేనైతే ఇవ్వను. జంతుహింస చట్టం 1960 నుంచే ఉంది, పండగ పేరు చెప్తే చట్టం మారదు.

మహేంద్రతనయ:

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అందం గురించి అందరూ చెప్పారు, నేను బతకడం గురించి చెప్తాను.

మొదటిది, తెచ్చిన రోజే నాటుకోళ్ళలో కలపకండి బాబూ. రెండు మూడు వారాలు వేరేగా, వేరే గిన్నె, వేరే నీళ్ళు. సంతలో కొన్నా, స్నేహితుడి ఇంటినించి తెచ్చినా అంతే. కొక్కెర తెగులు, అదే రాణిఖేత్, మన వైపు ఎండాకాలంలో వచ్చిందంటే గంపలు గంపలే ఖాళీ అయిపోతాయి, మెడ తిప్పడం, పచ్చటి పారుడు, రెండు రోజుల్లో అయిపోతాది. వచ్చాక మందు లేదు. ముందు టీకా ఒక్కటే. పిల్లలకి ఐదో రోజు నుంచి ఏడో రోజు లోపల లాసోటా లేదా ఎఫ్ రకం, కంట్లో ఒక చుక్క. నాలుగు వారాలకి ఇంకోసారి. ఎనిమిది వారాలకి ఆర్‌టూబీ ఇంజక్షను, కోడి ఒంట్లో బలంగా ఉన్నప్పుడే, నీరసంగా ఉన్నదానికి వెయ్యకూడదు. ఇక్కడ ఇబ్బంది ఏంటంటే సీసా వంద కోళ్ళకి సరిపడా వస్తాది, కలిపాక రెండు గంటల్లో వాడీయాలి, మీకున్నవి పదో పదిహేనో. అందుకని మీ వీధిలో నాటుకోళ్ళున్న ఇళ్ళన్నిటికీ ముందురోజే చెప్పి అందరివీ ఒకే పొద్దున్న వేయించీయండి. నలుగురి కోళ్ళూ బాగుంటేనే మీ ఖరీదైన కోడి బాగుంటాది. ఐసు పెట్టిన ఫ్లాస్కులో తేవాలి, జేబులో వేసుకుని తెస్తే ఆ మందు నీళ్ళతో సమానం.

రెండోది వాన. మీరడిగిన ప్రశ్నల్లో అసలైనది అదే. కాళ్ళకి ఈకలున్న రకం, సిల్కీ రకం బురదలో తిరిగితే ఈకలకి బురద కట్టి గడ్డలై వేళ్ళు పుళ్ళు పడతాయి. సిల్కీ ఈక నీటిని ఆపదు, తడిస్తే ఒళ్ళంతా తడిసిపోయి చలికి పడిపోతాది. జూన్ నుంచి అక్టోబరు దాకా పైన రేకు, కింద మట్టి ఎత్తు చేసి ఇసుకో ఊకో పొడిగా ఉండాలి. ఊక తడిసి ముద్దైతే పిల్లలకి రక్తం పారుడు మొదలవుతాది, అది కాక్సీడియోసిస్, ఆంప్రోలియం నీళ్ళలో కలిపి ఇస్తారు, మోతాదు దగ్గర్లో డాక్టరు గారిని అడిగి తీసుకోండి. కాళ్ళ పొలుసులు లేచి తెల్లగా గరుకుగా అవుతుంటే అది పొలుసుల కింద దూరే పురుగు, ఊళ్ళలో కిరసనాయిలు రాస్తారు, వద్దు, కాలు కాలిపోతాది. కాలు కడిగి ఆరాక వేపనూనె గాని వేసలైన్ గాని దట్టంగా పట్టించండి, కొన్నాళ్ళు వరసగా రాస్తే పురుగుకి ఊపిరాడదు.

సిల్కీ, సెబ్రైట్ రకాలకి మారెక్స్ అనే జబ్బు మిగతావాటికంటే తొందరగా పట్టుకుంటాది, ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి చాచి పడిపోతాయి. దాని టీకా పుట్టిన రోజే వెయ్యాలి. కొనేటప్పుడు వేశారా అని అడగండి.

బర్డ్ ఫ్లూ గురించి కూడా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది గుర్తుందిగా. జబ్బు తేలిన చోటు చుట్టూ కిలోమీటరు లోపల కోళ్ళన్నీ తీసీస్తారు, ఫారమా పెరడా, నాటా ఫ్యాన్సీయా అని చూడరు. కాకులు, కొంగలు ఒక్కసారిగా చచ్చిపడుతుంటే దాచకండి, కబురు చెప్పండి.

కాశీనగర్ కిరాణా:

అమ్మో ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ దండాలు. మహేంద్రతనయ సార్, టీకా సంగతి మా వీధిలో చెప్తే అందరూ సరేనన్నారు, నాటుకోళ్ళకి ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎవరూ వేయించలేదట.

మా అమ్మకి నాగావళి గట్టు గారు రాసింది చదివి వినిపించాను. కోడికి ముసలితనం ఉండదన్న చోట కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే గుడ్డు పెట్టడం మానీసినా మేపాలా దాన్ని?" అంది. ఆవిడ ప్రశ్న కూడా న్యాయమే కదా.

రైతు గారూ, మేక వద్దులెండి, దుకాణం ముందు బియ్యం బస్తాలుంటాయి. కానీ ముంగిస మాట విన్నాక భయంగానే ఉంది, నూతి పక్కన పొదల్లో ఒకటి ఉంది నిజంగానే. ఇంకో డౌటు, మా నాటుపుంజు మంచి బరువున్నది, ఈ బ్యాంటం పెట్టల మీద పడితే ఏమవుద్ది?

బరంపురం రెక్కలు:

నడుం విరుగుతాది అన్నా. రెండున్నర మూడు కిలోల పుంజు అరకిలో పెట్ట మీద ఎక్కితే రెక్కలు చీరుకుపోతాయి, ఒక్కోసారి పెట్ట దక్కదు. దొడ్డిని వలతో రెండుగా చేసీండి, లేదంటే నాటుపుంజుని వదిలే వేళ వేరు, వీటిని వదిలే వేళ వేరు. పెట్టలు కలిసి తిరిగినా ఫర్లేదు, కొన్నాళ్ళు పొడుచుకుని సర్దుకుంటాయి.

ముంగిసకి కోళ్ళ వల పనికిరాదు, ఆ షట్కోణం గళ్ళ వల ఉంటాది కదా అది కోడిని బయటకి పోకుండా ఆపడానికే, ముంగిసని ఆపలేదు. అరంగుళం గళ్ళున్న వెల్డెడ్ మెష్ తీసుకోండి, భూమిలోకి అడుగు లోతు దించి బయట వైపుకి మడవండి, తవ్వినా ఇనుమే తగలాలి. రాత్రి గూడు నేలకి రెండడుగుల ఎత్తులో ఉంటే పందికొక్కు బాధ కూడా తగ్గుతాది. గంప మాత్రం వీటికి వద్దు. పుంజు కూత గురించి ఎవరూ చెప్పలేదు, చిన్న గొంతు కదా అనుకోకండి, సన్నగా కీచుగా మూడిళ్ళు వినపడతాది, పక్కింటోళ్ళకి ముందే రెండు గుడ్లు ఇచ్చి మంచి చేసుకోండి.

నాగావళి గట్టు:

మీ అమ్మగారి ప్రశ్నకి జవాబు ఉంది, పొదుగు గురించి రాస్తానన్నాను కదా అదే. సిల్కీ, కొచ్చిన్ లాంటి పెట్ట ముసలిదైనా చాలావరకు పొదుగుకి కూచోవడం మానదు. తన గుడ్లు పెట్టకపోయినా వేరేవాళ్ళ గుడ్లు పెట్టొచ్చు దాని కింద. ఇంగ్లాండు పాత ఎస్టేట్లలో ఫెజెంట్ గుడ్లు, కౌజు గుడ్లు పొదిగించడానికే బ్యాంటం పెట్టల్ని ఉంచీవారట, పెద్దకోడి బరువుకి ఆ గుడ్లు పగిలిపోతాయని. నాటుకోడి గుడ్లైతే ఐదారు పెట్టండి, అంతకంటే పెడితే అంచున ఉన్నవి చల్లారిపోతాయి. మీ అమ్మగారి నాటుపెట్ట పొదుగు మానీసి మళ్ళీ తొందరగా గుడ్లలోకి వస్తాది, పిల్లల్ని సిల్కీ సాకుతాది. తనకంటే పెద్దగా పెరిగిపోయిన పిల్లల్ని కూడా రెక్క కిందకి రమ్మని పిలుస్తాది, అవి తల మాత్రం దూర్చి ఒళ్ళంతా బయట పెట్టుకుని పడుకుంటాయి. ఆ సీను మీ అమ్మగారికి చూపించండి, ఆ తర్వాత మేక మాట ఎత్తితే నన్నడగండి.

బ్యాంటం గుడ్లు మామూలు 21 రోజుల కంటే ఒకటి రెండు రోజులు ముందే పగులుతాయి. అందుకని నాటు గుడ్లూ బ్యాంటం గుడ్లూ ఒకే పెట్ట కింద కలిపి పెట్టకండి, ముందొచ్చిన పిల్లల్ని చూసి పెట్ట లేచిపోతాది.

మహేంద్రతనయ:

ఇంకొకటి మర్చిపోయాను. పొదుగు మీదున్న పెట్ట రోజుకి ఒక్కసారైనా లేచి తినాలి, నీళ్ళు తాగాలి. సిల్కీ కొన్నిసార్లు అదీ చెయ్యదు, కూచునే ఎండిపోతాది. పొద్దున్న మీరే ఎత్తి మేత దగ్గర పెట్టండి. మేత కూడా చోళ్ళు (రాగులు), నూకలు ఒక్కటే సరిపోవు, గుడ్ల మీదున్నవాటికి లేయర్ మాష్, అదే గుడ్ల కోళ్ళ దాణా కొంత, నలగ్గొట్టిన గుల్లల పొడి కొంత పెట్టండి. పొదుగు ముందర పేలు ఉన్నాయేమో చూడండి, ఆ ఇరవై రోజుల్లో పేలు పెట్టని నీరసపరిచీస్తాయి, పిల్లలకి ఎక్కేస్తాయి. గూట్లో బూడిద, ఎండిన వేపాకు వెయ్యడం మన పాత అలవాటు, అది మంచిదే.

కొండదిగువ రైతు:

నాగావళి గట్టు మేడమ్, ఒక మాట. నేను మోజు వద్దన్నాను గాని పొదుగు సంగతి నాకు తెలీదు. నా దగ్గర గినీ కోళ్ళున్నాయి, పాములొస్తే అరుస్తాయని పెంచుతున్నాను. గుడ్లు కుప్పలుగా పెడతాయి గాని సాకడం చేతకాదు వాటికి, పిల్లల్ని తెల్లారగట్ల మంచులో తడి గడ్డిలో తిప్పి చంపీస్తాయి. నాటుపెట్ట కింద పెడితే 21 రోజులయ్యాక విసుగొచ్చి లేచిపోతంది. మీ సిల్కీ 28 రోజులు కూచుంటాదా?

నాగావళి గట్టు:

కూచుంటాది. 26 నుంచి 28 రోజులు కదా గినీకి, సిల్కీకి అదొక లెక్కా. గినీ గుడ్డు పెంకు గట్టి కాబట్టి పగలదు కూడా. ఏడెనిమిది పెట్టొచ్చు. కానీ గుణుపురం నుంచి బస్సులో తెస్తే జాగ్రత్త, ఊకలో సన్నటి కొస కిందకి పెట్టి తేవాలి, తెచ్చాక ఒక రోజంతా కదపకుండా ఉంచాకే పొదుగు. వారం దాటిన గుడ్లు వద్దు, కడిగిన గుడ్లు అసలే వద్దు. నా దగ్గర ఒక ముసలి పెట్ట ఇప్పుడే ఖాళీ గూట్లో బిగించుకుని కూచుంది, లేపడానికి వెళ్తే ముక్కు ఊపుతంది.

కొండదిగువ రైతు:

శుక్రవారం రాయగడ వస్తున్నాను, మందుల కొట్టు పనుంది. గుడ్లు నావి, పెట్ట మీది, పిల్లలు సగం సగం.

నాగావళి గట్టు:

సగం సగం వద్దండీ, అన్నీ మీరే తీసుకోండి. గినీ కోళ్ళ అరుపు నేను విన్నాను, డాబా మీద రెండు పెరిగినా ఓనరు గారు మమ్మల్ని ఖాళీ చేయిస్తారు. నాకు బదులుగా మీ దగ్గర ఆ పర్ల నాటుపుంజు ఈకలు నాలుగు ఉంటే తెండి, మా క్లాసు పిల్లలకి రంగులు చూపించాలి. ఊడినవే, పీకీకండి.

కాశీనగర్ కిరాణా:

మా బావమరిదికి కొచ్చినే అని చెప్పాను, రెండు పెట్టలు చాలు, పుంజు తర్వాత చూద్దాం. మెష్ అరంగుళం గళ్ళది కాశీనగర్‌లో దొరకట్లేదు, పర్లాకిమిడిలో ఎక్కడ దొరుకుద్దో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అమ్మ ఏటంటందంటే, పెట్టలొచ్చిన రోజే నాటు గుడ్లు కింద పెట్టీమంటంది. కొత్తచోట వెంటనే కూచుంటాయా?

బరంపురం రెక్కలు:

కూచోవు అన్నా, పొదుగు దానికే రావాలి, మనం పెట్టించలేం. కొత్త చోటికి అలవాటు పడి, గుడ్లు పెట్టి, ఆ తర్వాత దాని ఇష్టం. అమ్మగారికి అప్పటిదాకా ఓపిక పట్టమనండి. మెష్ పర్లాకిమిడిలో హార్డ్‌వేర్ షాపుల్లో అడిగి చూడండి, లేకపోతే మీ బావమరిది ఎలాగూ పూరి గుణుపురం ట్రైన్‌లో వస్తాడు కదా, నేను ఇక్కడ కొని స్టేషన్‌కి తెచ్చి ఇస్తా, కోళ్ళ బుట్టతో పాటు అదీ పట్టుకొచ్చీమనండి.